పదహారేళ్లకు ఏమివ్వాలి, పద్దెనిమిదికి ఏమి మిగలాలి

వరంగల్, హన్మకొండ, కాజీపేట కలిసిన ట్రైసిటీలో జూన్ నెల వచ్చిందంటే పెట్టెలూ పరుపుచుట్టలూ మోసుకుంటూ పిల్లలను ఇంటర్ హాస్టళ్లలో దింపడానికి వచ్చే తల్లిదండ్రులు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. ములుగు, పరకాల, నర్సంపేట, మహబూబాబాద్ వైపు పల్లెల నుంచి వచ్చిన ఆ పిల్లలకు ఆ రోజు నుంచి రెండేళ్లపాటు లేచే వేళ, తినే వేళ, చదివే వేళ, ఇంటికి ఫోన్ చేసే వేళ అన్నీ గంట కొట్టి చెప్పేవాళ్లే ఉంటారు. రెండేళ్లు గడిచాక అదే పిల్లవాడు ఇంజినీరింగ్ కోసం హైదరాబాద్‌లో ఒక గదిలో దిగుతాడు. అక్కడ రాత్రి రెండింటిదాకా మేల్కొన్నా, నెల ఖర్చును వారంలో ఊదేసినా అడిగేవాళ్లు ఉండరు. మెదడు స్వతంత్ర నిర్ణయాలను అభ్యసించడానికి అన్నివిధాలా సిద్ధంగా ఉన్న రెండేళ్లలో అభ్యాసం పూర్తిగా ఆపివేసి, ఆ తర్వాత ఒక్కసారిగా సంపూర్ణ స్వేచ్ఛ ఇవ్వడం మన ప్రాంతంలో దాదాపు ఆనవాయితీ అయిపోయింది.

కౌమారంలో మెదడు ఎలా మారుతుందో 1990ల నుంచి ఎంఆర్ఐ యంత్రాల సాయంతో, ఒకే పిల్లలను ఏళ్ల తరబడి పరీక్షిస్తూ శాస్త్రవేత్తలు గమనించారు. అమెరికాలో జే గీడ్ బృందం 1999లో ప్రచురించిన ఫలితాలు అందులో ముఖ్యమైనవి. ఎక్కువ వాడుకలో లేని నాడీ సంధులు తగ్గుతూ, మిగిలినవాటిని కలిపే తీగల మీద కొవ్వు పొర దట్టమవుతూ మెదడు పదునెక్కే ఈ ప్రక్రియ వెనుక భాగంలో ముందుగా, నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో చివరగా ముగుస్తుంది. ముందుచూపుకు, కోరికను అదుపు చేసుకోవడానికి ఆధారమైన ఆ భాగం పూర్తిగా పక్వం కావడానికి ఇరవైల మధ్యదాకా సమయం పడుతుంది. ప్రతిఫలానికి, ఉత్సాహానికి స్పందించే లోతైన భాగాలు మాత్రం యవ్వనారంభంలోనే జోరందుకుంటాయి. ఇది చదివి ‘ఇరవై అయిదు దాటేదాకా పిల్లలకు బుద్ధి రాదు’ అని తేల్చేవాళ్లున్నారు. అది తొందరపాటు తీర్మానం.

ఎందుకంటే నిర్ణయాలన్నీ ఒకే రకానివి కావు. మనదేశం సహా 11 దేశాల్లో 10 నుంచి 30 ఏళ్ల వయసున్న 5 వేల మందికి పైగా పరిశీలించి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ తేడాను స్పష్టంగా చూపింది. తొందర లేకుండా, చుట్టూ స్నేహితులు లేకుండా, సమాచారం ముందు పెట్టుకుని చేసే ఆలోచనలో 16 ఏళ్ల పిల్లలు పెద్దవాళ్లకు దాదాపు సమానంగా ఉన్నారు. ఆవేశాన్ని ఆపుకోవడం, ఒత్తిడికి లొంగకపోవడం వంటి విషయాల్లో మాత్రం పక్వత 18 దాటిన తర్వాత కూడా పెరుగుతూ పోయింది. మనస్తత్వ శాస్త్రజ్ఞులు మొదటిదాన్ని చల్లని ఆలోచన అనీ, రెండోదాన్ని వేడి ఆలోచన అనీ వ్యవహరిస్తారు.

వేడి ఎక్కడ పుడుతుందో చెప్పే ప్రయోగం అంతకుముందే 2005లో జరిగింది. మనస్తత్వ శాస్త్రజ్ఞులు మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టెయిన్‌బర్గ్ 306 మందిని మూడు వయసుల గుంపులుగా చేసి కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఆడించారు. సిగ్నల్ ఎర్రబడేలోగా ఎంత దూరం సాహసించి పోతారన్నది ఆ ఆటలో పరీక్ష. ఒంటరిగా ఆడినప్పుడు మూడు గుంపుల మధ్య పెద్ద తేడా లేదు. ఈడువాళ్లు ఇద్దరు పక్కన కూర్చుని చూస్తున్నప్పుడు మాత్రం 13 నుంచి 16 ఏళ్ల పిల్లల సాహసం బాగా పెరిగింది; 24 దాటినవాళ్లలో మార్పు లేదు. అంటే ఆ పిల్లలకు ప్రమాదమంటే తెలియక కాదు, తోటివాళ్లు చూస్తున్నప్పుడు ప్రతిఫలం ఎక్కువ తీయగా తోస్తుంది.

ఈ వెలుగులో మన ఇళ్లను చూస్తే వ్యవహారం తలకిందులుగా కనిపిస్తుంది. ఎంపీసీ తీసుకోవాలా, బైపీసీ తీసుకోవాలా, సీఈసీ చదవాలా అన్నది నెలల తరబడి నింపాదిగా ఆలోచించదగిన చల్లని నిర్ణయం. దాన్ని బాపు, మేనమామ, ట్యూషన్ సారు కలిసి తేల్చేస్తారు. సాయంత్రం ముగ్గురు దోస్తులను ఎక్కించుకుని హన్మకొండ చౌరస్తా వైపు దూసుకుపోవడం అచ్చమైన వేడి నిర్ణయం. ఆ బండి తాళం మాత్రం పదిహేనేళ్లకే చేతికి అందుతుంది. చట్టం ప్రకారం 16 నిండినవాళ్లకు 50 సీసీకి మించని గేర్లు లేని బండికి మాత్రమే లైసెన్సు ఇస్తారు. ఇవాళ రోడ్డెక్కే పెట్రోలు స్కూటీలు దాదాపు అన్నీ అంతకు పైబడినవే. 2019 సవరణ తర్వాత మైనరు నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్లదాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా ఉన్నాయి. న్యూజీలాండ్ 1987లో తెచ్చిన దశలవారీ లైసెన్సు పద్ధతి ఇందుకు భిన్నమైన ఆలోచన: మొదట పక్కన అనుభవజ్ఞుడు, తర్వాత ఒంటరిగానే గాని రాత్రివేళ కాకుండా, స్నేహితులను ఎక్కించుకోకుండా, చివరికి పూర్తి అనుమతి. వేడి పుట్టే చోట్లను గుర్తించి వాటిని చివరిదాకా ఆపిపెట్టడమే అందులోని తెలివి.

డబ్బు విషయంలో మనకే మంచి ఏర్పాటు ఉంది. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా నడుపుకోవడానికి రిజర్వ్ బ్యాంకు 2014లోనే వీలు కల్పించింది. నెల ఖర్చు ఒకేసారి ఆ ఖాతాలో వేసి, మధ్యలో అయిపోతే నింపకుండా ఉండటానికి హాస్టలుకు పంపే ఏడాది కంటే ముందరి ఏడాది అనువైనది. ఇంట్లో అన్నానికి లోటుండదు గనుక లెక్క తప్పినందువల్ల కలిగే నష్టం చిన్నదిగానే ఉంటుంది.

వ్యవసాయ కుటుంబాల్లో ఈ క్రమం పుస్తకం చదవకుండానే అమలవుతోంది. పత్తి బస్తాలతో ఎనుమాముల మార్కెట్‌కు తండ్రి వెంట వెళ్లే పిల్లవాడు మొదటి ఏడాది బస్తాల దగ్గర కాపలా కూర్చుంటాడు, మరుసటి ఏడాది కాంటా దగ్గర తూకం చూసి రాసుకుంటాడు, ఆపై అడ్తివాళ్ల (కమీషన్ ఏజెంట్ల) దగ్గర తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ తీసుకుని లెక్క సరిచూస్తాడు. ధర మాట్లాడేది ఇంకా తండ్రే. బోధన మీద డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ 1976లో చిన్నపిల్లలతో చెక్క దిమ్మెలు పేర్పించి చేసిన పరిశీలనలోనూ ఇదే తర్కం ఉంది: పిల్లవాడు తడబడితే సాయం కొంచెం పెంచాలి, నెగ్గితే కొంచెం వెనక్కి తగ్గాలి. ఇక్కడ ‘కొంచెం’ అన్నది చాలా అవసరమైన మాట. ఒకసారి ఆలస్యంగా వచ్చాడని ఏడాదంతా బయటికి పంపకపోవడం ఆ లెక్కలోకి రాదు.

పిల్లలు ఎక్కడున్నారో తెలుసుకోవడానికి ఫోన్‌లో లొకేషన్ పెట్టించేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. స్వీడన్‌లో హకాన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ 703 మంది 14 ఏళ్ల పిల్లలనూ వాళ్ల తల్లిదండ్రులనూ పరిశీలించి 2000లో రాసిన పత్రం ఇక్కడ పనికొస్తుంది. పిల్లల విషయాలు బాగా తెలిసిన తల్లిదండ్రులకు ఆ సమాచారం ప్రధానంగా నిఘా వల్ల కాక, పిల్లలు తమంతట తాము చెప్పడం వల్ల అందిందని వాళ్లు కనుగొన్నారు. “ఏడున్నవ్ బిడ్డా?” అని అడిగినప్పుడు నిజం చెబితే ఇంట్లో ఏమవుతుందన్నదాన్ని బట్టి తర్వాతి జవాబు ఉంటుంది.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పక తప్పదు. పెద్దమనిషి అయిన నాటి నుంచి మగపిల్లవాడి హద్దు పెరుగుతూ పోతే, అమ్మాయి హద్దు కుంచించుకుపోతుంది. ఆమె మెదడు పెరుగుదలలో దీనికి సమర్థన ఏదీ లేదు. రోడ్డు మీది భయం నిజమే గాని, నర్సంపేట బస్సు ఒంటరిగా ఎన్నడూ ఎక్కని అమ్మాయి పద్దెనిమిదికి హైదరాబాద్‌లో సిటీ బస్సు ఎక్కవలసి వస్తుంది. పట్టపగలు, తెలిసిన దారిలో, వెళ్లే బస్సు వేళ, తిరుగు బస్సు వేళ ఆమే కనుక్కుని ఇంట్లో చెప్పి వెళ్లే ప్రయాణాలు పదిహేనేళ్లకు మొదలైతే ఆ భయాన్ని ఎదుర్కొనే నేర్పు కొంతైనా చేతికొస్తుంది.

రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు దోస్తులతో పోతానని పదిహేడేళ్ల కొడుకో కూతురో అడిగితే ఏం చెప్పాలి? జనసందోహం, రాత్రి, ఈడువాళ్ల గుంపు అన్నీ ఉన్న వేడి సందర్భమది. అయినా వెళ్లే ముందు ఇంట్లో కూర్చుని ఆలోచించే పని చల్లనిదే. ఫోన్ కలవకపోతే ఎక్కడ కలుసుకోవాలి, హన్మకొండకు తిరుగు బస్సు ఎక్కడ దొరుకుతుంది, జంపన్నవాగులో ఎవరైనా లోతుకు దిగుదామంటే ఏం చేయాలి, తప్పిపోతే ఎవరిని అడగాలి అన్నవాటికి జవాబులు పిల్లలే ముందుగా రాసి చూపించాలి. ఆ జవాబులు సరిగా ఉంటే, అంతకుముందు జాతరకు పెద్దలతో వెళ్లి దారి చూసి ఉంటే, పంపవచ్చు. లేదంటే ఈసారికి అదే గుంపుతో పాటు ఒక పెద్దన్ననో చిన్నాన్ననో పంపి, ఆయన జోక్యం చేసుకోకుండా పది అడుగుల దూరంలో నడవాలని ముందే మాట తీసుకోవచ్చు.