కొంగ ముక్కు విరగలేదు అమ్మడూ

అమ్మడూ, చిన్నోడా,

పోయిన ఆదివారం ఇచ్చాపురం దగ్గర తేలుకుంచి వెళ్లినప్పుడు చెట్టు కింద నిలబడి అమ్మడు ఒక మాట అడిగింది. "తాతా, ఆ కొంగ ముక్కు విరిగిపోయిందేటి? మధ్యలో సందుంది!" సరిగ్గా అప్పుడే నా నెత్తిన రెట్ట పడింది. ఇంక జవాబేం చెప్తాను? తీరిగ్గా ఇప్పుడు రాస్తున్నాను.

విరగలేదు, దాని ముక్కే అంత. పిల్లగా ఉన్నప్పుడు మూసుకునే ఉంటుంది. ఎదిగేకొద్దీ ఆ సందు ఏర్పడుతుంది. దాని ముఖ్యమైన తిండి నత్తలు. కింది ముక్కు మొనని గుల్లలోకి దూర్చి, కండ తెంపి, నత్తని బయటికి లాగేస్తుంది. చాలాసార్లు గుల్ల పగలనైనా పగలదు. నత్తగుల్ల కొంగ అని పేరు అందుకే. ఇవి సైబీరియా నుంచి వస్తాయని మనవాళ్లు గొప్పగా చెబుతారు గానీ, నమ్మకండి. ఇది మన దక్షిణాసియా పక్షే. తొలకరికి వచ్చి గూళ్లు కట్టుకుని, పిల్లలు రెక్కలొచ్చి ఎగిరాక వెళ్లిపోతుంది.

అయితే కొంగ సంగతొక్కటే చెబితే సగమే చెప్పినట్టు. మా చిన్నప్పటి పెంకుటిల్లు గురించి చెబుతాను, వినండి. అందులో ఉన్నవాళ్లలో నేనూ ఒకణ్ని. నాతో కలిపి పద్నాలుగు మందిమి. అందరం మనుషులమే, ఆ చెట్ల మీద ఉన్నవన్నీ కొంగలే అయినట్టు. మరి ఇంట్లో ఉన్నది మనుషులేనా? ఆవు, పిల్లి, కోళ్లు, చూరులో పిచ్చుకలు, గోడ మీద బల్లి, బెల్లం కుండ చుట్టూ చీమలు. అన్నిటిదీ ఒకటే కాపురం. దానికి నుయ్యి, పెరటి మట్టి, వాన నీళ్లు, పెంకుల సందుల్లోంచి పడే ఎండ కూడా కలిపితేనే ఇల్లు. మీ పుస్తకంలో ఆవరణ వ్యవస్థ అని ఉంటుందే, అదే ఇది. 1866లో దీని గురించి చెప్పే శాస్త్రానికి, అంటే ఎకాలజీకి, పేరు పెట్టిన జర్మన్ ఆయన, హెకెల్, గ్రీకులో ఇల్లు అనే మాటనే తీసుకున్నాడు. కాబట్టి మీ తాత పోలికని మరీ తీసిపారేయకండి.

మరి ఈ ఇంట్లో వంట ఎవరిది? పచ్చగా ఉన్నవాటిదే: నాచు, గడ్డి, వరి. ఎండే పొయ్యి. నత్త నాచుని తింటుంది, నత్తని కొంగ తింటుంది. తిన్నదాంట్లో చాలా భాగం బతకడానికీ తిరగడానికే ఖర్చయిపోతుంది. సుమారు పదోవంతే తర్వాతి విస్తట్లో పడుతుంది. అందుకే పొలంలో నత్తలు లెక్కలేనన్ని, కొంగలేమో లెక్కపెట్టేటన్ని. అంట్లు తోమేది వానపాములు, బూజు, కంటికి కనిపించని సూక్ష్మజీవులు. రెట్టనీ కుళ్లిన ఆకునీ మట్టిలో సారం చేసి మళ్లీ వంటగదికి అప్పజెబుతాయి.

ఇక్కడికొచ్చేసరికి నా పోలిక పాత పెంకుటిల్లులా కారుతోంది. మా ఇంట్లో మనుషులెవరూ ఒకర్నొకరు తినలేదు మరి! మా మామ్మ కోపమొస్తే నమిలేసేలా చూసేది, అంతే.

పదేళ్లప్పుడు నేను చెట్టెక్కి కొంగ గుడ్డు ఒకటి తెచ్చి కోడిపెట్ట కింద పెట్టాను. మామ్మ చూసేసింది. కొట్టలేదు. "పుట్టింటికి పురుడుకొచ్చిన ఆడపిల్లరా అది. ఎక్కి, ఉన్నచోట పెట్టి రా" అంది. ఈసారి తల్లికొంగ గూటిలోనే ఉంది. చొక్కా ఎన్నిసార్లు ఉతికినా మూడు రోజులు నీచు వాసన పోలేదు. ఆ గుడ్డు పిల్లయిందో లేదో నాకు తెలీలేదు. ఇప్పటికీ ఆ చెట్టు కింద నుంచి వెళ్తే తల దించుకునే వెళ్తాను.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలకొరిగాయి. మేమంతా కాగితం పట్టుకుని పడిపోయిన చెట్లు లెక్కపెట్టుకున్నాం, పరిహారం కోసం. వాటి మీద బతికిన ఉడతలు, కాకులు, ఎర్రచీమలు ఎన్నో మాలో ఒక్కడికీ తోచలేదు. నాకూ తోచలేదు.

దసరా సెలవులకి రండి. ఈ ఏడు పుట్టిన పిల్లకొంగల ముక్కుల్లో సందు ఉందో లేదో మీ కళ్లతో చూసి నాకు చెప్పాలి. పొలం గట్ల మీద ఖాళీ నత్తగుల్లలు ఏరి, పగిలినవెన్నో పగలనివెన్నో చిన్నోడు లెక్కపెట్టాలి. వచ్చేటప్పుడు గొడుగులు తెచ్చుకోండి. వాన కోసం కాదు.

మీ తాత