జేబు పిస్తోలును ఎవరు పరీక్షించాలి?

అమెరికాలో చొక్కా కింద నడుముకు పెట్టుకుని తిరిగేందుకు చిన్న పిస్తోలు కొన్నవారికి అనుభవజ్ఞులు ముందుగా చెప్పే మాట ఒకటుంది: కాల్పుల సాధన చేసే రేంజికి తీసుకెళ్లి కనీసం 200 తూటాలు కాల్చి చూడనిదే దాన్ని నమ్మవద్దు. మంచి సలహానే. కానీ పిల్లల బొమ్మలకు, సైకిలు హెల్మెట్లకు కూడా జాతీయ భద్రతా ప్రమాణాలున్న దేశంలో ప్రాణాలు తీయగల వస్తువును పరీక్షించే బాధ్యత కొన్నవాడి నెత్తిన ఎందుకు పడింది? దీనికి జవాబు పాత చట్టాల్లో ఉంది. ఆ పిస్తోలు అంత చిన్నదిగా తయారు కావడానికి కూడా చాలావరకు చట్టాలే కారణం.

ఆయుధాన్ని దాచి తీసుకెళ్లడంపై తొలి రాష్ట్ర నిషేధాలు 1813లో కెంటకీ, లూసియానాల్లో వచ్చాయి. నలుగురికీ కనిపించేలా తుపాకీ కట్టుకున్నవాడిని సమాజం తప్పుపట్టలేదు, దాచుకున్నవాడినే అనుమానించింది. ఆ అనుమానానికి 1865 ఏప్రిల్ 14 రాత్రి తిరుగులేని ఉదాహరణ దొరికింది. వాషింగ్టన్‌లోని ఫోర్డ్ థియేటర్లో జాన్ విల్క్స్ బూత్ అధ్యక్షుడు లింకన్‌ను కాల్చింది ఫిలడెల్ఫియాకు చెందిన హెన్రీ డెరింజర్ తయారుచేసిన, ఒకే గుండు పట్టే జేబు పిస్తోలుతోనే.

తర్వాత వచ్చిన చట్టాలన్నీ అందరినీ సమానంగా చూడలేదు. సైన్యం, నౌకాదళం వాడే పెద్ద పిస్తోళ్లు తప్ప మిగతావి అమ్మకూడదని 1879లో టెనెసీ శాసించింది. పెద్ద పిస్తోళ్లు ఖరీదైనవి. కాబట్టి దెబ్బ తగిలింది చవకవి తప్ప కొనలేని పేదలకు, అందులోనూ అప్పుడప్పుడే బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతివారికి. 1911లో న్యూయార్క్ తెచ్చిన సల్లివన్ చట్టం దాచుకోదగిన తుపాకులకు లైసెన్సు తప్పనిసరి చేసింది. లైసెన్సు ఎవరికివ్వాలో అధికారి ఇష్టానికి వదిలేస్తే ఏమవుతుందో 1956లో అలబామాలో కనిపించింది. మాంట్‌గొమరీలో తన ఇంటిపై బాంబు దాడి జరిగాక మార్టిన్ లూథర్ కింగ్ తుపాకీ వెంట ఉంచుకునేందుకు అనుమతి కోరారు. ఇవ్వలేదు. ఈ ఒక్క సంఘటనను పక్కనపెట్టి అమెరికా తుపాకీ లైసెన్సుల చరిత్ర మాట్లాడటం నా దృష్టిలో అన్యాయం.

అదే కింగ్ 1968లో హత్యకు గురయ్యారు. రెండు నెలలకు రాబర్ట్ కెనడీ కూడా. ఆ ఏడాదే వచ్చిన తుపాకీ నియంత్రణ చట్టం చిన్న, చవక పిస్తోళ్ల దిగుమతిని దాదాపు ఆపేసింది. దిగుమతయ్యే పిస్తోలుకు పొడవు, ఎత్తు, బరువు, భద్రతా ఏర్పాట్లను బట్టి మార్కులు వేస్తారు. జర్మనీకి చెందిన వాల్తర్ పీపీకే ఆ లెక్కలో నిలవలేదు. అందుకే కంపెనీ అంతకంటే పెద్దదైన పీపీ పిస్తోలు ఫ్రేముకు పీపీకే స్లైడు (కాల్చినప్పుడు వెనక్కీ ముందుకీ జరిగే పైభాగం) బిగించి కొత్త నమూనా పంపింది. అయితే ఈ మార్కులు విదేశీ సరుకుకే. దేశంలో తయారైనదాన్ని అడిగే నాథుడు లేడు. కొద్దికాలంలోనే దక్షిణ కాలిఫోర్నియాలో జింకు మిశ్రమంతో పోతపోసిన చవక పిస్తోళ్ల పరిశ్రమ పుట్టుకొచ్చింది.

అసలు ఖాళీ 1972లో ఏర్పడింది. వినియోగ వస్తువుల భద్రతా కమిషన్‌ను స్థాపించిన చట్టం తుపాకులను దాని పరిధిలోంచి తప్పించింది. లోపమున్న పిస్తోలును వెనక్కి తీసుకోవాలని ఆదేశించే అధికారం ఆ సంస్థకు లేదు. ఈ ఖాళీ నేటికీ అలాగే ఉంది.

ఇక చిన్న పిస్తోలుకు గిరాకీ తెచ్చినవి రెండు పరిణామాలు. అర్హతలున్నవారికి అనుమతి నిరాకరించకూడదని 1987లో ఫ్లోరిడా చట్టం చేసింది, చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. 1994 సెప్టెంబరు 13న క్లింటన్ సంతకం చేసిన చట్టం పిస్తోలులో తూటాలు పేర్చి పెట్టే మ్యాగజీన్లను, కొత్తగా తయారయ్యేవాటిని, 10 తూటాలకు పరిమితం చేసింది. 17 తూటాలు పట్టే పెద్ద పిస్తోలులోనూ పదే పెట్టాలంటే అంత పెద్దది మోయడం దేనికి? 1995లో వచ్చిన గ్లాక్ 26 ఈ ప్రశ్నకు సరిగ్గా సరిపోయింది: 10 తూటాలు, ఆరున్నర అంగుళాలకు మించని పొడవు. ఆ నిబంధన 2004లో గడువు తీరి పోయింది కానీ చిన్న పిస్తోలు పోలేదు. 2018లో వచ్చిన సిగ్ పీ365 మరింత చిన్న ఒంటిలో పదే తూటాలు పట్టించింది.

చిన్నదైనకొద్దీ యంత్రం గారాలుపోతుంది. స్లైడు పొట్టిది, తేలికైనది. దాన్ని అదుపుచేయడానికి స్ప్రింగు గట్టిగా ఉండాలి. వెనక్కి వెళ్లి, కాల్చిన తూటా ఖాళీ తొడుగును బయటికి విసిరి, కింది నుంచి కొత్త తూటాను అందుకుని ముందుకు రావడానికి దొరికే సమయం అతి తక్కువ. పిడి మీద చిటికెన వేలికి చోటుండదు. మణికట్టు కాస్త సడలినా స్లైడు పూర్తిగా వెనక్కి వెళ్లదు, ఖాళీ తొడుగు సందులో నిలువుగా ఇరుక్కుంటుంది. పైగా రేంజిలో కాల్చే మామూలు తూటా బాగా నడిచినంత మాత్రాన వెంట ఉంచుకునే బోలుమొన తూటా కూడా అలాగే నడుస్తుందన్న హామీ లేదు.

ఇవి చేత్తో కాల్చి తెలుసుకోగలిగినవి. కొన్ని అలా తెలియవు. రూగర్ కంపెనీ 2008లో విడుదల చేసిన ఎల్‌సీపీ అనే బుల్లి పిస్తోలును అదే ఏడాది అక్టోబరులో వెనక్కి పిలిచింది. కాల్చడానికి సిద్ధంగా గొట్టం వెనుక తూటా ఎక్కించి ఉండగా కింద పడితే దానంతటదే పేలే అవకాశముంది. ఏ కొనుగోలుదారు తూటా నింపిన పిస్తోలును నేలకేసి కొట్టి చూస్తాడు?

ఆ పని ప్రయోగశాలే చేయాలి. కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి 2001 నుంచి చేయిస్తోంది. ఒకే నమూనాకు చెందిన 3 పిస్తోళ్లు, ఒక్కొక్కటి 600 తూటాలు కాల్చాలి. మొదటి 20 తూటాలకు ఒక్కసారి కూడా మొరాయించకూడదు, మొత్తంమీద ఆరుసార్లకు మించకూడదు, ఎక్కడా పగుళ్లు రాకూడదు. తర్వాత మీటరు పైచిలుకు ఎత్తు నుంచి రకరకాల భంగిమల్లో కాంక్రీటు మీద పడేస్తారు. ఆ చట్టంలోని మిగతా షరతుల మీద ఎన్ని వివాదాలున్నా ఈ పరీక్షను తప్పుపట్టడానికి నాకు కారణం కనిపించదు. దేశమంతటికీ వర్తింపజేయాల్సింది ఇదే.

కాలం మాత్రం ఎదురు దిశలో నడుస్తోంది. ప్రత్యేక అవసరం నిరూపిస్తేనే అనుమతి అన్న న్యూయార్క్ నిబంధనను 2022 జూన్ 23న సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 నాటికి 29 రాష్ట్రాల్లో తుపాకీ దాచి తీసుకెళ్లడానికి అనుమతే అక్కర్లేదు. అనుమతితో పాటు ఉండే శిక్షణ షరతు కూడా అక్కడ పోయినట్టే.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఇది దూరపు విషయం కాదు. చదువు వీసా మీదో, హెచ్1బీ మీదో ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటాన్ని 1998 నుంచి ఫెడరల్ చట్టం నిషేధించింది. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డు వచ్చాక ఆ అడ్డు తొలగుతుంది. సాధారణ పౌరుడికి 9 మిల్లీమీటర్ల పిస్తోలు నిషిద్ధమైన దేశం నుంచి వెళ్లినవారికి దుకాణంలో అద్దాల కింద వరుసగా కనిపించే సరుకును ప్రభుత్వమే పరీక్షించి ఉంటుందన్న నమ్మకం కలగడం సహజం. కొనేవారు ముందు ఆ పిస్తోలు సీరియల్ నంబరును తయారీదారు వెనక్కి పిలిచిన జాబితాలో సరిచూసుకోవాలి. వెంట ఏ తూటా ఉంచుకుంటారో ఆ తూటాతోనే, శిక్షకుడి ఎదుట, పదే పదే కాల్చి చూడాలి. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి ఒర లేకుండా ఒంటిమీద పెట్టుకోకూడదు. ఇంట్లో పిల్లలుంటే తాళం వేసిన పెట్టెలోనే ఉంచాలి.