ట్రైలర్‌తో క్యాంపింగ్‌కి వెళ్తూ సైకిళ్ళు ఎక్కడ కట్టాలి? పిల్లలకు ఒక ఉత్తరం

ప్రియమైన పిల్లలూ,

మీ ఉత్తరం అందింది. చిన్న ట్రైలర్ తగిలించుకుని క్యాంపింగ్‌కి వెళ్తున్నామనీ, నాలుగు సైకిళ్ళూ తీసుకెళ్ళాలనీ, వాటిని ట్రైలర్ వెనకాల కట్టేస్తే సరిపోతుంది కదా అనీ రాశారు. వెనకాల ఖాళీ ఉంది, దేనికీ అడ్డం రావు అన్న మాట నిజమే, చాలామంది అలాగే కడతారు కూడా. కానీ చోటు ఉందా లేదా అన్నది రెండో ప్రశ్న. ఆ బరువు ఇరుసుకి ఎంత దూరంలో పడుతోంది అన్నది మొదటి ప్రశ్న. ఇది అర్థమైతే మిగతావన్నీ మీరే తేల్చుకోగలరు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

చిన్న ట్రైలర్‌కి సాధారణంగా ఒకే ఇరుసు, రెండు చక్రాలు ఉంటాయి. ముందు వైపు ఒక ఇనుప ఫ్రేము కారు దాకా పొడుచుకొచ్చి ఉంటుంది, దాన్ని టంగ్ అంటారు. దాని కొస కారు వెనక బిగించిన గుండ్రటి ఇనుప బంతి మీద కూర్చుంటుంది. అంటే ట్రైలర్‌ని మోసేవి ఆ రెండు చక్రాలూ, ఆ బంతీ, అంతే. బంతి మీద పడే బరువు మరీ తక్కువైతే ట్రైలర్ రోడ్డు మీద అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. మరీ ఎక్కువైతే కారు వెనక భాగం కుంగిపోయి, ముందు చక్రాల మీద బరువు తగ్గి, స్టీరింగూ బ్రేకులూ సరిగా పట్టవు. ఉత్తర అమెరికాలో మామూలుగా చెప్పే లెక్క, ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఆ బంతి మీద ఉండాలని. బ్రిటన్‌లో కారవాన్లకి 5 నుంచి 7 శాతం అంటారు. ఎక్కడైనా సరే, ఆ బంతి ఎంత బరువు మోయగలదో కారు తయారుచేసినవాళ్ళు ఒక హద్దు పెట్టి ఉంటారు. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, చిన్న కార్లకి 50 కిలోలో 75 కిలోలో అయి ఉండొచ్చు. ముందు ఆ అంకె వెతికి రాసి పెట్టుకోండి.

ఇప్పుడు పార్కులో మీరు ఎక్కే తూగుడు బల్లని తలచుకోండి. ఇరుసు మధ్యలో ఉండే దిమ్మ. ఒక చివర కారు బంతి, రెండో చివర మీరు సైకిళ్ళు కడదామనుకున్న చోటు. వెనక కూర్చున్నవాడు ఎంత దూరంగా జరిగితే ముందున్నవాడు అంత తేలికగా పైకి లేస్తాడు, వాడి బరువు ఏమీ మారకపోయినా.

లెక్క వేసి చూద్దాం. సామానుతో కలిపి ట్రైలర్ 600 కిలోలు, బంతి మీద 60 కిలోలు పడుతోంది, అంటే 10 శాతం, బాగానే ఉంది. ఇరుసు నుంచి బంతికి 3 మీటర్లు, వెనక సైకిళ్ళ స్టాండుకి 2 మీటర్లు అనుకోండి. పెద్ద సైకిళ్ళు రెండు, ఒక్కోటి 15 కిలోలు, మీ చిన్నవి రెండు, ఒక్కోటి 10 కిలోలు, స్టాండు ఇంకో 10 కిలోలు, మొత్తం 60. ఈ 60 కిలోలు ఇరుసుకి 2 మీటర్లు వెనక ఉంటే బంతి మీద నుంచి ఎంత బరువుని లేపేస్తాయో తెలుసా? 60ని 2తో గుణించి 3తో భాగిస్తే 40 కిలోలు! బంతి మీద మిగిలింది 20. ట్రైలర్ బరువేమో 660 అయింది, అంటే 3 శాతం. ఇలాంటి ట్రైలర్‌ని హైవే మీద లాగకూడదు.

సరే, ముందు టంగ్ మీద పెడదాం అంటారా. అక్కడ స్టాండు ఇరుసుకి 2.4 మీటర్లు ముందు ఉంటుందనుకుంటే, అదే 60 కిలోలు బంతి మీద 48 కిలోలు పెంచుతాయి, మొత్తం 108 అవుతుంది. కారు హద్దు 75 అయితే ఇదీ కుదరదు. మరి ఏం చేయాలి? సైకిళ్ళ గురించి ఒక్కటే ఆలోచించడం మానేసి మిగతా సామాను కూడా కదపాలి. ముందు పెట్టెలో ఉన్న నీళ్ళ డబ్బాలు, పనిముట్ల పెట్టె లాంటివి 40 కిలోలు ఉన్నాయనీ, అవి ఇరుసుకి 1.5 మీటర్లు ముందు ఉన్నాయనీ అనుకుందాం. వాటిని సరిగ్గా ఇరుసు మీదికి జరిపితే బంతి మీద 20 కిలోలు తగ్గుతాయి. మీ చిన్న సైకిళ్ళు రెండూ ముందు చక్రాలు విప్పి కారులో వెనక సీటు మడిచిన చోట పెట్టేస్తే, టంగ్ మీద పెద్ద సైకిళ్ళు రెండూ, స్టాండూ కలిపి 40 కిలోలే ఉంటాయి, అవి పెంచేది 32. ఇప్పుడు కూడండి: 60కి 32 కలిపి 20 తీసేస్తే 72. కారు హద్దు 75 లోపే ఉంది, 640 కిలోల ట్రైలర్‌కి 11 శాతం పైచిలుకు కూడా ఉంది. చూశారా, ఒక్క కిలో సామాను కూడా ఇంట్లో వదలకుండానే లెక్క కుదిరింది. నాకు ఈ లెక్క అంటే చాలా ఇష్టం, మీరూ మీ ట్రైలర్ అంకెలతో చేసి చూడండి. టేపు, కాగితం, బరువు తూచే మెషీను ఉంటే చాలు.

కొలవడం కూడా కష్టం కాదు. సామానంతా సర్దాక, చదునైన నేల మీద, చక్రాలకి ముందూ వెనకా చెక్క అడ్డులు గట్టిగా పెట్టి, ట్రైలర్‌ని కారు నుంచి విడదీసి, టంగ్ కొసని బాత్రూం తూకం మెషీను మీద నిలబెట్టిన చెక్క దిమ్మ మీదికి మెల్లగా దించాలి. కారుకి తగిలించినప్పుడు ఎంత ఎత్తులో ఉంటుందో సుమారు అంతే ఎత్తులో ఉండాలి, లేకపోతే అంకె మారిపోతుంది. మెషీను తూచగలిగినదానికంటే బరువు ఎక్కువ ఉంటుందనిపిస్తే దాని మీద పెట్టొద్దు. ఈ పని మీ నాన్న పక్కన ఉన్నప్పుడే చేయండి, కాళ్ళు టంగ్ కింద పెట్టకండి.

వెనక కట్టడంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక కర్ర తీసుకుని రెండు నీళ్ళ సీసాలు చేతికి దగ్గరగా, చెరో పక్క కట్టి, కర్రని మధ్యలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూడండి. తర్వాత అవే సీసాలు కర్ర చివర్లకి జరిపి మళ్ళీ తిప్పండి. తిప్పడం కష్టం, ఒకసారి తిరగడం మొదలయ్యాక ఆపడం ఇంకా కష్టం. దూరం రెండింతలైతే ఆ మొండితనం నాలుగింతలు అవుతుంది. ట్రైలర్ కూడా అంతే, బరువు చివరన ఉంటే పక్క గాలి కొట్టినప్పుడో, పెద్ద లారీ పక్కనుంచి దూసుకెళ్ళినప్పుడో మొదలైన ఊపు త్వరగా ఆగదు. వేగం పెరిగేకొద్దీ ఇంకా మొండికేస్తుంది. అందుకే బరువైన సామాను ఎప్పుడూ ఇరుసు దగ్గర, కింద, కొంచెం ముందుకి పెట్టమంటారు.

పైగా ట్రైలర్ తోక కారు తోక కంటే చాలా ఎక్కువగా ఎగిరెగిరి పడుతుంది. కారు కోసం చేసిన సైకిల్ స్టాండుని ట్రైలర్ బంపర్‌కి బిగిస్తే కొన్ని గంటల కుదుపులకి వెల్డింగ్ దగ్గర పగుళ్ళు రావచ్చు. చాలా స్టాండ్ల మీద 'ట్రైలర్‌కి వాడొద్దు' అని రాసి ఉంటుంది, దాన్ని చదివి పాటించాల్సిందే. ట్రైలర్ బంపర్ చూడ్డానికి లావుగా ఉన్నా లోపల పలచటి రేకు గొట్టం అయి ఉండొచ్చు. రోడ్డు మీద సైకిల్ ఊడి పడితే మన సైకిల్ పోవడం చిన్న విషయం, వెనక మోటార్‌సైకిల్ మీద వస్తున్న మనిషి సంగతి ఆలోచించండి.

టంగ్ మీద కడితే మలుపుల సంగతి చూసుకోవాలి. కారు గట్టిగా తిరిగినప్పుడు దాని వెనక మూల ట్రైలర్ ముందు భాగానికి బాగా దగ్గరకొస్తుంది, హ్యాండిల్ కారు అద్దానికి తగలొచ్చు. రివర్స్‌లో ఇంకా ప్రమాదం. ఖాళీ స్థలంలో మీ నాన్న మెల్లగా పూర్తిగా ఎడమకీ, తర్వాత కుడికీ తిప్పుతుంటే మీరిద్దరూ దూరంగా చెరో పక్క నిలబడి, తగిలేలా ఉంటే వెంటనే ఆపమని అరవాలి. కారు డిక్కీ తలుపు తెరుచుకుంటుందో లేదో కూడా అప్పుడే చూడండి, మధ్యదారిలో వాన కోట్లు డిక్కీలో ఉన్నాయని గుర్తొస్తే సైకిళ్ళన్నీ దించాల్సి రాకూడదు.

కారు పైన కట్టొచ్చా అని కూడా అడిగారు. కట్టొచ్చు, నాకైతే తేలిక సైకిళ్ళకి అదే నచ్చుతుంది, ఎందుకంటే ట్రైలర్ తూకం చెడదు. కారు పైకప్పు ఎంత మోస్తుందో చూసుకోవాలి, అది కూడా కారు పుస్తకంలోనే ఉంటుంది. స్టాండు బరువు కూడా అందులో కలిపే లెక్క. ఎత్తు మాత్రం మర్చిపోకూడదు. సైకిళ్ళతో కలిపి కింద నుంచి ఎంత ఎత్తు ఉందో టేపుతో కొలిచి, చీటీ రాసి స్టీరింగ్ దగ్గర అంటించండి. క్యాంపుల్లో వంగిన చెట్ల కొమ్మలూ, పార్కింగ్ కప్పులూ చాలా సైకిళ్ళని విరగ్గొట్టాయి. బ్యాటరీ సైకిళ్ళని మాత్రం పైకి ఎత్తొద్దు, ఒక్కోటి 20 నుంచి 28 కిలోల దాకా ఉంటుంది. బ్యాటరీ విప్పి కారు లోపల పెడితే రెండు మూడు కిలోలు తగ్గుతుంది, వానలో తడవదు కూడా.

ఇక కట్టడం. సీసాలు, పంపు, లైట్లు, బుట్ట, సంచులు అన్నీ ముందే తీసేయండి, గాలికి ఎగిరిపోయేవి ఇవే. సైకిళ్ళని ఒకదాని హ్యాండిల్ పక్కన ఇంకోదాని సీటు వచ్చేలా ఎదురెదురుగా పెడితే తక్కువ చోటు పడుతుంది. పెడల్ పక్క సైకిల్ చక్రం ఆకుల్లో (స్పోకుల్లో) దూరుతుంటే విప్పేయండి, కానీ ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక బలమంతా పెట్టి ఇంకా బిగించేస్తుంటారు. ఫ్రేముకి ఫ్రేము తగిలే ప్రతి చోటా స్పాంజి లాంటి ఫోమ్ గొట్టం ముక్క చుట్టండి, రాత్రికి రాత్రే రంగు లేచిపోయేది రాపిడి వల్లే. ముందు చక్రం తిరగకుండా ఒక పట్టీతో ఫ్రేముకి కట్టేయాలి. సాగే రబ్బరు తాళ్ళు మాత్రమే నమ్ముకోవద్దు, అవి కుదుపుకి సాగుతాయి, బకిల్ ఉన్న గట్టి పట్టీలే వాడండి, మిగిలిన కొసని ముడి వేసి దోపేయండి. మీ సైకిళ్ళకి డిస్క్ బ్రేకులు ఉంటే, చక్రం విప్పాక బ్రేకు లివర్ నొక్కకండి, ప్యాడ్లు దగ్గరికొచ్చి అతుక్కుపోవచ్చు, వాటి మధ్య ఒక మందపాటి అట్టముక్క దోపితే చాలు. సైకిళ్ళన్నిటి మీదా టార్పాలిన్ కప్పొద్దు, గాలి పట్టి పట్టీలన్నీ వదులైపోతాయి. సీటుకి ఒక ప్లాస్టిక్ కవరు చాలు.

కట్టాక వెనక్కి వెళ్ళి నిలబడి చూడండి. బ్రేకు లైట్లు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు కనబడుతున్నాయా? కనబడకపోతే బయల్దేరొద్దు. తర్వాత సైకిల్‌ని పట్టుకుని గట్టిగా ఊపండి, ట్రైలర్ మొత్తం కదలాలి గానీ సైకిల్ ఒక్కటే కదలకూడదు. బయల్దేరిన 15 కిలోమీటర్ల లోపే ఒకసారి ఆగి పట్టీలు మళ్ళీ బిగించండి, మొదటి కుదుపులకి అన్నీ సర్దుకుని వదులవుతాయి. తర్వాత ఆగిన ప్రతిసారీ చూడటం మీ ఇద్దరి డ్యూటీ, పెద్దవాళ్ళు టీ తాగే లోపు అయిపోయే పని. ట్రైలర్ టైర్ల మీద చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి, ఒకటి మిగతాదాని కంటే బాగా వేడిగా ఉంటే మీ నాన్నకి చెప్పండి.

దారిలో ట్రైలర్ ఊగడం మొదలైతే టెన్షన్ పడి అరవకండి. మీ నాన్న చేయాల్సింది స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద నుంచి కాలు మెల్లగా తీసేయడం, అంతే. గట్టిగా బ్రేకు తొక్కడం, వేగం పెంచి సరిచేయబోవడం, స్టీరింగ్ ఎదురు తిప్పడం మూడూ తప్పే. ఊపు ఆగాక ఎక్కడైనా ఆగి సామాను మళ్ళీ సర్దుకోవాలి, 'తగ్గింది కదా' అని అదే వేగంతో పోకూడదు. ఈ పేరా మీ నాన్నకి చదివి వినిపించండి, వాడికి తెలిసే ఉంటుంది, అయినా వినిపించండి.

క్యాంపు చేరాక ఆత్రంగా ట్రైలర్‌ని కారు నుంచి విడదీయకండి. ముందు చక్రాలకి అడ్డులు, తర్వాత సైకిళ్ళు దించడం, ఆ తర్వాతే హిచ్ (బంతి మీది బిగింపు) విప్పడం. వెనక బరువు ఉండగా విప్పితే టంగ్ ఒక్కసారిగా పైకి లేచి పక్కనున్నవాళ్ళ గడ్డానికి తగలొచ్చు. తొక్కే ముందు బ్రేకులు నొక్కి చూసి, విప్పిన చక్రాలు బిగిశాయో లేదో చూసి, చైను మీద దుమ్ము తుడిచి ఒక చుక్క నూనె వేసుకోండి.

మీ ట్రైలర్‌లో ఇరుసు నుంచి బంతికి ఎన్ని మీటర్లో, ఒక్కో సైకిల్ ఎన్ని కిలోలో, కారు పుస్తకంలో ఏ అంకె ఉందో ఈ ఆదివారం కొలిచి రాసి పంపండి. మీరు చేసిన లెక్క కూడా పంపండి, నేను నా లెక్కతో సరిచూసి వెంటనే జవాబు రాస్తాను.

ప్రేమతో,
మీ తాతయ్య