కొండ దారి, రైలు దారి

చి. పిల్లలకు,

పెద్దమ్మ ఆశీస్సులు.

మీరు పంపిన పరుగు ప్లాన్ చూశాను. శనివారం అడవిలో కొండ దారిన 10 కిలోమీటర్లు, ఆదివారం పట్టాలు తీసేసిన పాత రైలు దారిలో 10 కిలోమీటర్లు. రెండింటికీ ఒకటే టైమ్ రాసుకున్నారు. కాగితం మీద రెండూ పదే, కాళ్లకు మాత్రం కాదు. ఒక దారి ఎవరి కోసం పడిందో తెలిస్తే అందులో ఎలా పరిగెత్తాలో సగం తెలిసినట్టే. ఆ సంగతే రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

అడవిలో కాలిబాట నడిచి నడిచి పడుతుంది. దాన్ని వేసిన మనుషులకూ పశువులకూ దగ్గర దారే ముఖ్యం. నిటారుగా ఉన్నా ఎక్కేస్తారు, వాగు అడ్డొస్తే రాళ్ల మీద దాటేస్తారు. రైలుకు ఆ వీలు లేదు. ఇనుప పట్టా మీద ఇనుప చక్రం తేలిగ్గా దొర్లుతుంది కాబట్టే అంత బరువు లాగగలదు. కానీ ఎత్తు ఎక్కాలంటే ఆ నునుపే ఇబ్బంది. పట్టు చాలక చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. అందుకని మామూలుగా 100 మీటర్లకు ఒక మీటరు, మహా అయితే రెండు మీటర్లు లేచేలా దారి గీసేవాళ్లు. కొండ అడ్డొస్తే కోశారు, కోసిన మట్టితోనే పల్లంలో కట్ట పోశారు, కోయలేనంత ఎత్తుంటే సొరంగం తవ్వారు. మలుపులు కూడా తిరుగుతున్నట్టు తెలియనంత పెద్దవి.

రైళ్లు ఆగిపోయాక కూడా ఆ శ్రమంతా నేల మీద అలాగే ఉండిపోయింది. బ్రిటన్‌లో 1963లో అక్కడి రైల్వే బోర్డు ఛైర్మన్ బీచింగ్ ఇచ్చిన నివేదిక దాదాపు 8,000 కిలోమీటర్ల లైన్లు మూసేయమంది. అక్కడ మూతపడ్డ లైన్లలో కొన్నింటి మీద పట్టాలు, కంకర తీసేసి, నడకకూ సైకిళ్లకూ పరుగుకూ పనికొచ్చే దారులు వేశారు. ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో 1971లో తెరిచిన టిస్సింగ్టన్ ట్రెయిల్ అలాంటిదే. ఆష్‌బోర్న్ నుంచి పార్స్‌లీ హే దాకా సుమారు 21 కిలోమీటర్లు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంవాళ్లు ఎల్‌రాయ్-స్పార్టా లైనును 1960లలోనే ఇలా మార్చారు.

టిస్సింగ్టన్ దారి మీద ఆష్‌బోర్న్ నుంచి బయల్దేరితే చివరికి 200 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కుతారు. కానీ దాదాపు ఎక్కడా "ఇదిగో ఎత్తు" అని కంటికి కనిపించదు. వందకు ఒకటి వాలును కన్ను పట్టుకోలేదు. ఊపిరి పట్టుకుంటుంది. చదునుగా ఉన్న దారిలో ఇంత ఆయాసమేమిటి, ఒంట్లో బాగాలేదా అని టెన్షన్ పడతారు. వెనక్కి తిరగ్గానే కాళ్లు తేలిపోతాయి, ఉన్నట్టుండి గొప్ప రన్నర్ అయిపోయామనుకుంటారు. రెండూ నిజం కాదు. రైలు దారిలో వెళ్లేటప్పటి టైమూ వచ్చేటప్పటి టైమూ కలిపి చూసుకోవాలి. దేనికది చూస్తే మోసపోతారు.

ఇంకో చిక్కు ఏమిటంటే, ఆ వాలు ఎక్కడా తెగదు. అడవి దారిలో ఎక్కిన చోట ఎక్కి, దిగిన చోట కాస్త ఊపిరి పీల్చుకుంటాం. అడుగు ఒకసారి పొడుగు, ఒకసారి పొట్టి. రైలు దారిలో ఒకే అడుగు, ఒకే కండరం, గంటసేపు. అందుకే నాకు మొదటి రెండు మూడు కిలోమీటర్లు కావాలనే నెమ్మదిగా పోవడం ఇష్టం. మధ్యమధ్య ఒక నిమిషం నడిచినా తప్పులేదు. పాత స్టేషన్ ప్లాట్‌ఫారాలు ఇంకా మిగిలున్న చోట ఆ పని చేయడానికి మంచి సాకు దొరుకుతుంది.

అన్ని రైలు దారులూ మెత్తనివని అనుకునేరు. పార్స్‌లీ హే దగ్గరే టిస్సింగ్టన్‌తో కలిసే హై పీక్ ట్రెయిల్ ఉంది. దాని కింద ఉన్నది 1830-31లో తెరిచిన క్రామ్‌ఫర్డ్ అండ్ హై పీక్ రైల్వే. రైలింజన్ల మీద ఇంకా పూర్తి నమ్మకం కుదరని రోజులవి. అందుకని నిటారు చోట్ల కొండపైన ఒక ఆవిరి ఇంజన్ని కదలకుండా బిగించి, తాడుతో వ్యాగన్లను పైకి లాగారు. మిడిల్టన్ దగ్గర ఆ వాలు 8 మీటర్లకు సుమారు ఒక మీటరు. కిలోమీటర్ల కొద్దీ చదునుగా పరిగెత్తి వచ్చి ఒక్కసారి అలాంటిది ఎదురైతే గుండె జారిపోతుంది. అక్కడ నడవండి. బాగా నిటారు ఎత్తులో పరుగు కంటే చురుకైన నడకకే తక్కువ శక్తి ఖర్చవుతుంది, పెద్ద పెద్ద కొండ రన్నర్లే మోకాళ్ల మీద చేతులు పెట్టి నడుస్తారు.

ఇక కొండ దారి. అందరూ ఎక్కడం గురించే భయపడతారు. ఒంటిని నలగ్గొట్టేది దిగడం. దిగే ప్రతి అడుగులోనూ తొడ ముందు కండరం సాగుతూనే బ్రేకు వేయాలి. ఆ పనివల్ల వచ్చే నొప్పి వెంటనే తెలియదు, ఒకటి రెండు రోజుల తర్వాత మెట్లు దిగుతుంటే తెలుస్తుంది. మొదటిసారి కొద్దిగా దిగి అలవాటు చేస్తే, తర్వాత కొన్ని వారాలపాటు అదే దిగుడు అంత నొప్పి పెట్టదు. కాబట్టి మొదటి వారమే పెద్ద దిగుడు పెట్టుకోవద్దు.

దిగేటప్పుడు కళ్లు పాదాల దగ్గర ఉంచితే ఆలస్యమైపోతుంది. మూడు నాలుగు అడుగుల అవతల ఎక్కడ అడుగు వేయాలో ముందే చూసుకోవాలి. అడుగులు పొట్టిగా, నిప్పుల మీద నడిచినట్టు చకచకా పడాలి. మోకాలు కాస్త వంగి ఉండాలి, చేతులు పక్కలకు విప్పుకుంటే బ్యాలెన్స్ కుదురుతుంది. చూడ్డానికి కోతిచేష్టల్లా ఉంటుంది, ఉండనీండి. దారికి అడ్డంగా ఉన్న చెట్టు వేరును దాటేయవచ్చు. ఏటవాలుగా, తడిసి, బెరడు ఊడి మెరుస్తున్న వేరు మీద మాత్రం అడుగు వేయకండి, పాదం పక్కకు జారిపోతుంది. ఎండుటాకులు మందంగా ఉన్న చోట కింద రాయి ఉందనే అనుకోండి. ఆకుల మధ్య నుంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడే చోట ఎత్తుపల్లాలు కంటికి ఆనవు, అక్కడ వేగం తగ్గించాలి. దట్టమైన చెట్ల కింద జీపీఎస్ సరిగా అందదు, చేతి వాచీ చూపించే వేగాన్ని పెద్దగా నమ్మక్కర్లేదు.

మరి టైమ్ ఎలా అంచనా వేయాలి? 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు నడిచేవాళ్ల కోసం ఒక లెక్క చెప్పాడు. మూడు మైళ్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 2,000 అడుగులకు ఇంకో గంట. అంటే ఎక్కే 100 మీటర్లు దాదాపు 800 మీటర్ల చదును దూరంతో సమానం. రన్నర్లకు కూడా ఇది బాగానే పనికొస్తుంది. మీ శనివారం దారిలో 400 మీటర్ల ఎక్కుడు ఉంటే, 10 కిలోమీటర్లను 13 కిలోమీటర్లు దాటినట్టు చూసుకోండి. దిగుడు వల్ల ఆదా అవుతుంది కదా అని లెక్కలోంచి తీసేయకండి. వేర్లూ రాళ్లూ ఆ ఆదాను తినేస్తాయి.

మ్యాప్‌లో కాంటూరు రేఖలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, ఒకదానికొకటి ఆనుకుని ఉన్నచోట నిటారు. కాలిబాట వాటిని అడ్డంగా కోసుకుంటూ పోతుంది. పాత రైలు దారి వాటి వెంటే నున్నగా పెద్ద వంపుతో సాగుతుంది, పక్కన కట్టలకూ కోతలకూ చిన్న గీతలు ఉంటాయి. పేరు రాసి లేకపోయినా ఆ వంపును బట్టి పోల్చుకోవచ్చు.

రెండు రోజులెందుకు, రెంటినీ ఒకే చుట్టుగా కలుపుకోమంటాను. కాళ్లు తాజాగా ఉన్నప్పుడు అడవి దారిన ఎక్కి దిగేయండి, అలిసిపోయాక రైలు దారిలో ఇంటికి రండి. చీలమండ మెలిపడేది ఎక్కువగా అలసిన కాళ్లకే, అప్పుడు కింద వేర్లు లేకుండా ఉండటం మంచిది.

చెమటతో రైలు దారిలోకి దిగాక ఒకటి గమనిస్తారు. కొండను కోసిన చోట రెండువైపులా గోడలు, నీడ, నాచు, జారే ఆకులు. అది దాటగానే ఎత్తైన కట్ట మీదికి వస్తారు, గాలి నేరుగా కొడుతుంది. అందుకని పల్చటి జాకెట్ నడుముకు కట్టుకోండి. సొరంగంలో ఎండాకాలమైనా చలే. ఎల్‌రాయ్-స్పార్టా దారిలో పెద్ద సొరంగం కిలోమీటరు పైన ఉంటుంది, లోపల దీపాల్లేవు, పైనుంచి నీళ్లు కారుతుంటాయి. టార్చి లేకుండా అలాంటి దానిలోకి వెళ్లకూడదు. మూసేసిన సొరంగమైతే టార్చి ఉన్నా వెళ్లకూడదు. పెళ్లలు ఊడిపడవచ్చు, గాలి ఆడకపోవచ్చు, చలికాలం నిద్రలో ఉన్న గబ్బిలాలూ ఉండవచ్చు.

పట్టాలు ఇంకా ఉన్న దారి, రైలు ఎప్పుడో ఒకటి వచ్చినా సరే, పరిగెత్తే దారి కాదు. దీనికి మినహాయింపు లేదు. నిండు సరుకుల రైలు బ్రేకు వేశాక ఆగడానికి కిలోమీటరు పైనే పట్టవచ్చు. ఎదురుగాలి ఉంటే వెనక నుంచి వచ్చే చప్పుడు వినిపించదు.

షూ సంగతి అడిగారు. రాతిపొడి పరిచిన రైలు దారికి మామూలు రోడ్డు షూ చాలు. రెండూ కలిపి పరిగెత్తే రోజు మాత్రం అడుగున గాట్లు లోతుగా ఉన్నవే వేసుకోండి. రైలు దారిలో కాస్త బరువనిపిస్తాయి, అంతే. ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోండి, వెనక సైకిలువాళ్లు బెల్ కొడుతుంటారు.

మీ
పెద్దమ్మ