ఎలక్ట్రిక్ కారు టైర్లు: సైజు ఒక్కటే చూసి కొనకండి

"అన్నా, సైజు గిదే. ఏది తక్కువకొస్తే అది వెయ్యి." హన్మకొండలో మా టైర్ల షాపుకు ఈవీ తెచ్చేవాళ్లలో చాలామంది ముందుగా అనే మాట ఇది. అపోహల్లో ఎక్కువ నష్టం చేసేదీ ఇదే.

టైరు పక్క గోడ మీద 215/60 R16 95H అని ఉందనుకోండి. అందరూ 16 దగ్గర ఆగిపోతారు. అసలు సంగతి ఆ తర్వాతి 95లో ఉంది. అది లోడ్ ఇండెక్స్. సరిపడా గాలి ఉంటే ఆ టైరు 690 కిలోల దాకా మోస్తుందని అర్థం. అదే సైజులో ఎక్స్‌ఎల్ (ఎక్స్‌ట్రా లోడ్, అంటే ఎక్కువ బరువు మోసేది) అని, 99 అని రాసి ఉన్న టైరు 775 కిలోలు మోస్తుంది. సైజులో ఏ తేడా లేదు, మోసే బరువులో ఒక్కో టైరుకు 85 కిలోల తేడా.

బ్యాటరీ వల్ల ఈవీ ఖాళీగా ఉన్నప్పుడే బరువు. ఆపైన ఐదుగురు ఎక్కి, డిక్కీ నింపుకుని మేడారం బయల్దేరితే? కంపెనీ 99 ఇచ్చిన చోట 95 వేస్తే ఊళ్లో తిరిగినన్నాళ్లు ఏమీ తెలియదు. హైవే మీద, ఎండలో, ఫుల్ లోడుతో పోయినప్పుడు టైరు లోపల వేడెక్కిపోతుంది.

పోయిన ఎండాకాలం జనగామ వైపు నుంచి ఒక టీచర్ గారు వచ్చారు. ముందు టైరు పక్కన కోడిగుడ్డంత ఉబ్బు. వేరేచోట కొత్తగా వేయించిన టైర్లే. డ్యాష్‌బోర్డు అరలోంచి మాన్యువల్ తీయించాను, దాని ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. అందులో 99 ఉంది, వేసింది 95. గుంతలో పడితే ఏ టైరైనా ఉబ్బొచ్చు, కానీ తక్కువ లోడు టైరు ఆ దెబ్బకు తొందరగా లొంగుతుంది. ఉబ్బిన టైరుకు రిపేరు లేదు, తీసేయాల్సిందే. "పిల్లలను ఎక్కించుకుని హైదరాబాద్ పోయొచ్చిన" అంటూ ఆయన కుర్చీలో కూలబడిపోయారు. తప్పు ఆయనది కాదు. ఆ నంబరు చూసి చెప్పాల్సింది టైరు అమ్మినవాళ్లు.

మిగతావి త్వరగా చెప్తాను. "ఈవీ" అని రాసి ఉన్న టైరే వేయాలన్న నిబంధన ఏదీ లేదు. సైజు, లోడ్ ఇండెక్స్, స్పీడ్ రేటింగ్ (95 పక్కనున్న H లాంటి అక్షరం, టైరు తట్టుకునే గరిష్ఠ వేగం) కంపెనీ చెప్పినదానికి తగ్గకుండా, రోలింగ్ రెసిస్టెన్స్, అంటే దొర్లేటప్పుడు టైరు పెట్టే అడ్డు, తక్కువున్నది చూసుకోండి.

ఎండాకాలం గాలి తగ్గించాలన్న మాట ఎవరు పుట్టించారో గానీ, దాన్ని నమ్మకండి. గాలి తగ్గితే టైరు ఎక్కువ నలిగి ఇంకా వేడెక్కుతుంది. రామగుండంలో 45 డిగ్రీలు దాటినా సరే, పొద్దున బండి కదలకముందు డ్రైవర్ డోరు దగ్గర కంపెనీ అంటించిన స్టిక్కర్ మీద ఉన్నంత గాలి ఉండాల్సిందే.

కొత్త టైర్లు వేశాక రేంజ్ తగ్గిందని, బ్యాటరీ పోయిందేమోనని రాత్రిపూట ఫోన్ చేసేవాళ్లున్నారు. లక్షలు పోసి కొన్న బండి, టెన్షన్ ఉంటుంది మరి. అరిగిన టైరు తేలిగ్గా దొర్లుతుంది. కొత్త టైరుకు రబ్బరు మందం, అందుకే కొంచెం ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. రేంజ్ బాగా పడిపోతే మాత్రం ముందు గాలి, తర్వాత అలైన్‌మెంట్ చూపించండి.

ఇంకొకటి, షాపులో జాకీ పెట్టేటప్పుడు పక్కనే నిలబడండి. మాన్యువల్‌లో చూపించిన పాయింట్ల దగ్గరే పెట్టమనండి. నడుమ ఉన్నది బ్యాటరీ.