ఊరికో హెల్త్ బోర్డు: మసాచుసెట్స్‌లో ఇరుగుపొరుగు ఊళ్ల పొత్తు కథ

2024 ఆగస్టులో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో ఒకరికి దోమకాటు వల్ల అరుదైన మెదడువాపు వచ్చింది. అక్కడివాళ్లు దాన్ని 'ట్రిపుల్ ఈ' అంటారు. సోకితే ప్రాణాల మీదికి తెచ్చే జబ్బు. సాయంత్రం ఆరు దాటాక బయట తిరగొద్దని జనానికి చెప్పాలి. మరి చెప్పేదెవరు? ఎక్కడెక్కడ ముప్పు ఎక్కువో రాష్ట్రం ప్రకటించింది. ఆ తర్వాత పని ఆక్స్‌ఫర్డ్, సటన్, డగ్లస్, వెబ్‌స్టర్ ఊళ్ల హెల్త్ బోర్డుల మీద పడింది. నాలుగూ ఆనుకుని ఉన్న ఊళ్లే. దోమలు ఒకటే, బోర్డులు మాత్రం నాలుగు.

ఆ రాష్ట్రంలో యాక్టన్, బాక్స్‌బరో, లిటిల్‌టన్ లాంటి చోట్ల ఇల్లు కొన్న తెలుగువాళ్లకు ఈ బోర్డు సెప్టిక్ ట్యాంకు పుణ్యమా అని పరిచయమవుతుంది. సెప్టిక్ ఉన్న ఇల్లు చేతులు మారాలంటే 'టైటిల్ ఫైవ్' తనిఖీ జరగాలి, ఆ రిపోర్టు ఊరి బోర్డుకు చేరాలి. రెస్టారెంటు పెట్టాలన్నా, ఇంట్లో స్వీట్లు చేసి అమ్మాలన్నా పర్మిట్ ఇచ్చేది ఆ బోర్డే. స్విమ్మింగ్ పూల్ నీళ్లు, పిల్లల సమ్మర్ క్యాంపులు, అద్దె ఇళ్ల బాగోగులు, క్షయ రోగి మందులు వేసుకుంటున్నాడో లేదో కనుక్కోవడం, అన్నీ దాని నెత్తినే ఉంటాయి. చాలా ఊళ్లలో బోర్డు అంటే ముగ్గురు సభ్యులు. వాళ్ల కింద ఒక హెల్త్ ఏజెంట్ ఉంటాడు, అదీ కొన్నిచోట్ల పార్ట్ టైమే.

ఇలాంటి ఊళ్లూ నగరాలూ కలిపి ఆ రాష్ట్రంలో 351 ఉన్నాయి. 2020 జనాభా లెక్కల్లో బోస్టన్‌లో 6.75 లక్షల మంది ఉంటే, గాస్నాల్డ్ అనే దీవుల ఊళ్లో 70 మంది ఉన్నారు. చట్టం దృష్టిలో రెంటి బాధ్యతా ఒకటే. దాదాపు 4 కోట్ల మంది ఉన్న కాలిఫోర్నియా 61 స్థానిక ఆరోగ్య విభాగాలతో నడుస్తుంటే, 70 లక్షల మంది ఉన్న మసాచుసెట్స్‌కు 351 కావాల్సి వచ్చాయి. మన దగ్గర ఒక పీహెచ్‌సీ కింద ఎన్నో పల్లెలు ఉండటం చూసినవాళ్లకు ఇది వింతగానే ఉంటుంది.

ఈ వింతకు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. అంటురోగాలు ఓడల మీద వచ్చే రోజుల్లో, 1799లో బోస్టన్ తన హెల్త్ బోర్డును పెట్టుకుంది. దానికి మొదటి అధ్యక్షుడు పాల్ రెవియర్, స్వాతంత్ర్య పోరాటంలో రాత్రికి రాత్రి గుర్రమెక్కి బ్రిటిష్ సైన్యం వస్తోందని కబురు మోసిన ఆయనే. 1850లో లెమ్యుయల్ షాటక్ రాష్ట్రానికి ఒక పెద్ద నివేదిక రాసిచ్చాడు. ఆయన డాక్టరు కాదు. బడిపంతులుగా, పుస్తకాల వ్యాపారిగా బతికి, జననమరణాల లెక్కల మీద పిచ్చి పెంచుకున్న మనిషి. రాష్ట్రానికి ఒక బోర్డు, ప్రతి ఊరికీ ఒక బోర్డు ఉండాలన్నాడు. పంతొమ్మిదేళ్లు ఆ నివేదిక మూలన పడి ఉంది. 1869లో హెన్రీ బౌడిచ్ అధ్యక్షుడిగా రాష్ట్ర బోర్డు ఏర్పడేనాటికి షాటక్ చనిపోయి పదేళ్లయింది.

ఊరికో బోర్డు అన్నది ఆనాటికి తెలివైన మాటే. నుయ్యి, కబేళా, పెంటకుప్ప ఊళ్లోనే ఉండేవి, వాటి వల్ల వచ్చే జబ్బూ చాలావరకు ఊళ్లోనే ఉండేది. పైగా అక్కడ ఊరంటే ఉత్త పేరు కాదు. నేటికీ చాలా ఊళ్లలో జనం ఏటా సభ పెట్టుకుని, బడ్జెట్‌ను పద్దు పద్దుగా చదివి, చేతులెత్తి ఓటేస్తారు. మిగతా అమెరికాలో ఈ పనులు చూసే కౌంటీ ఇక్కడ ఎప్పుడూ బలహీనమే. 1997 నుంచి 2000 లోపు 14 కౌంటీల్లో 8 కౌంటీల ప్రభుత్వాలను ఏకంగా రద్దు చేశారు కూడా. దాంతో ఊరికీ రాష్ట్రానికీ మధ్య చెప్పుకోదగ్గ మెట్టు లేకుండా పోయింది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది నషోబా. బోస్టన్‌కు వాయవ్యంగా, ఏయర్ ఊరి చుట్టూ ఉన్న పల్లెలు 1931లో ఆ పేరుతో ఒక పొత్తు కుదుర్చుకున్నాయి. ఆర్థిక మాంద్యం ముదురుతున్న కాలం అది. ఒక్కో ఊరూ సొంతంగా నర్సునో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌నో పెట్టుకోలేదు, అందరూ కలిస్తే పెట్టుకోగలరు. మొదటి డబ్బు ఊళ్లది కాదు. పల్లెల ఆరోగ్యం మీద ఖర్చు పెడుతున్న కామన్‌వెల్త్ ఫండ్ అనే దాతృత్వ సంస్థ ఇచ్చింది. అసలు కిటుకు మాత్రం డబ్బులో లేదు. ఏ ఊరి బోర్డునూ రద్దు చేయలేదు. జరిమానా వేసేదీ, పర్మిట్ ఆపేదీ, చివరి మాట చెప్పేదీ ఆ ఊరి బోర్డే. తనిఖీకి వెళ్లే మనిషి, ఇంటికి వచ్చే నర్సు మాత్రం ఉమ్మడి. అంటే పనివాళ్లను పంచుకున్నారు, పెత్తనాన్ని పంచుకోలేదు. దాతలు తప్పుకున్నాక ఊళ్లు తలా కొంత వేసుకుని నడిపించాయి. తొంభై ఏళ్లు దాటినా ఆ పొత్తు బతికే ఉంది.

మరి మిగతా ఊళ్లు ఎందుకు నేర్చుకోలేదు? ఊళ్లు కలిసి హెల్త్ ఆఫీసర్‌ను పెట్టుకోవచ్చని, కావాలంటే జిల్లాగా ఏర్పడవచ్చని రాష్ట్ర చట్టం ఎప్పటినుంచో ఒప్పుకుంటూనే ఉంది. 1945లో హేవెన్ ఎమర్సన్ అనే ప్రజారోగ్య నిపుణుడి కమిటీ అమెరికా మొత్తానికి లెక్క వేసి, కనీసం 50,000 మంది లేని చోట విడిగా ఆరోగ్య విభాగం నడపడం దండగని, సుమారు 1,200 విభాగాలు చాలని తేల్చింది. సరిగ్గా మరుసటి ఏడాదే మన దేశంలో ఆరోగ్య సేవల మీద వేసిన భోర్ కమిటీ, ముందు 40,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంతో మొదలుపెట్టమని చెప్పింది. మనకు చెరపాల్సిన ఊరి బోర్డులు పెద్దగా లేవు కాబట్టి ఆ మాట ఎలాగోలా అమలైంది. మసాచుసెట్స్‌లో ప్రతి ఊరికీ అడ్డుపడటానికి ఒక కారణం ఉంది. పక్క ఊరు పెద్దదైతే ఇన్‌స్పెక్టర్ ఎప్పుడూ అక్కడే ఉంటాడని చిన్న ఊరి భయం. చిన్న ఊరి సెప్టిక్ గోల మనమెందుకు మోయాలని పెద్ద ఊరి విసుగు. రెండూ నిజమే.

డబ్బు సంగతి ఇంకా కష్టం. బోర్డుల ఖర్చంతా ప్రధానంగా ఊరి ఆస్తిపన్ను నుంచే. 1980లో జనం ఓటేసి తెచ్చుకున్న ఒక చట్టం వల్ల, కొత్త కట్టడాలను పక్కనపెడితే, ఊరి మొత్తం పన్ను వసూలు ఏడాదికి 2.5 శాతం మించి పెరగకూడదు. పెంచాలంటే మళ్లీ ఓటింగ్ పెట్టాలి. స్కూలు, ఫైర్ స్టేషన్, హెల్త్ ఏజెంట్ ఒకే సంచీలోంచి తినాలంటే ఎవరి వాటా తగ్గుతుందో చెప్పక్కర్లేదు. 2001లో ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక క్రిమిని ఉత్తరాల్లో పెట్టి పంపిన ఘటనల తర్వాత కేంద్రం ఇచ్చిన డబ్బుతో అత్యవసర సన్నద్ధత కోసం ఊళ్లను గుంపులు కట్టారు. అది ఆపదకు పనికొచ్చేదే గానీ, రోజువారీ తనిఖీలకు మనిషిని ఇవ్వలేదు.

2016లో రాష్ట్రం ప్రత్యేక కమిషన్ వేసింది. చట్టం అప్పగించిన పనులన్నీ చేసే శక్తి చాలా ఊళ్లకు లేదని, సేవలు పంచుకోవడమే దారని 2019 జూన్‌లో ఆ కమిషన్ చెప్పింది. తర్వాత ఎనిమిది నెలలకు, 2020 ఫిబ్రవరి చివర్లో, బోస్టన్‌లోని ఒక హోటల్లో బయోజెన్ అనే మందుల కంపెనీ సమావేశం జరిగింది. వచ్చినవాళ్లు కరోనాను వెంటబెట్టుకుని ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయారు. ఒక్క గదిలో అంటుకున్న జబ్బు ఇప్పుడు ఎన్నో బోర్డుల పని అయింది. ఒక్క నర్సు కూడా లేని ఊరు కాంటాక్టులను ఎలా వెతుకుతుంది? ఏప్రిల్‌లో రాష్ట్రం ఆ పనికి పార్ట్‌నర్స్ ఇన్ హెల్త్ అనే స్వచ్ఛంద సంస్థను తోడు తెచ్చుకుంది. హైతీ, రువాండా లాంటి దేశాల్లో పని చేసిన సంస్థ అది. రెండు వందల ఏళ్ల బోర్డులున్న రాష్ట్రానికి ఇది కాస్త తలవంపే, ఎవరూ పైకి అనకపోయినా.

అదే ఏడాది, పొత్తులకు ప్రోత్సాహక నిధులిచ్చే 'సేఫ్' చట్టం వచ్చింది. 2021 డిసెంబరులో కేంద్రం ఇచ్చిన కోవిడ్ సాయం నుంచి స్థానిక ఆరోగ్య వ్యవస్థ కోసం 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టారు. అప్పుడు కదిలాయి ఊళ్లు. కొన్నేళ్లలోనే 351లో 300కు పైగా ఏదో ఒక పొత్తులో చేరాయి. పద్ధతి దాదాపు నషోబాదే, ఉమ్మడి నర్సు, ఉమ్మడి ఇన్‌స్పెక్టర్, ఎవరి బోర్డు వారిదే.

ప్రతిసారీ మొదటి డబ్బు బయటినుంచే వచ్చింది. 1931లో దాతలది, 2001 తర్వాతా 2021లోనూ కేంద్రానిది. ఈ చివరి డబ్బును 2026 డిసెంబరు 31 లోపు ఖర్చు పెట్టేయాలి. ఆ తర్వాత నర్సు జీతం ఎవరిస్తారన్న ప్రశ్నకు జవాబుగానే 2024 నవంబరులో గవర్నర్ మౌరా హీలీ సంతకంతో రెండో 'సేఫ్' చట్టం వచ్చింది. అన్ని ఊళ్లకూ ఒకే కనీస ప్రమాణాలు ఉంటాయని, వాటిని అందుకోవడానికి రాష్ట్రం సాయం చేస్తుందని అందులో ఉంది. ఆ సాయం దగ్గరే ఒక షరతు కూడా ఉంది, ఏటా బడ్జెట్‌లో కేటాయింపు జరిగితేనే అని.