విశాఖ తీరంలో 1804 నౌకాయుద్ధం: ఆ బొమ్మల గురించి అపోహలు - వాస్తవాలు

1804 సెప్టెంబరు 15న విశాఖపట్నం ఎదుట లంగరు వేసి ఉన్న బ్రిటిష్ యుద్ధనౌక సెంచూరియన్‌పై ఫ్రెంచి అడ్మిరల్ లినువా మూడు నౌకలతో దాడి చేశాడు. ఇలాంటి యుద్ధాల బొమ్మలు మ్యూజియంలో చూసినప్పుడు తరచూ వినిపించే మాటలివి.

అపోహ: ఇది చేత్తో గీసిన డ్రాయింగు.
వాస్తవం: ఆ కాలపు నౌకాయుద్ధాల బొమ్మల్లో మనకు కనపడేవి చాలావరకు అచ్చు ప్రతులు. పది రెట్లు పెంచే భూతద్దంతో ఆకాశం, పొగ ఉన్న చోట చూడండి. చిన్న తెల్లచుక్కల చుట్టూ సన్నటి నల్లవల అల్లుకుని ఉంటే అది ఆక్వాటింట్. రాగి రేకు మీద గుగ్గిలం పొడి చల్లి, వేడి చేసి అంటించి, ఆమ్లం పోస్తారు. గుగ్గిలం రేణువు ఉన్నచోట రేకు అలాగే ఉంటుంది, చుట్టూ ఆమ్లం తినేస్తుంది. ఆ గుంటల్లో నిలిచిన సిరాయే ఈ వల. కుంచెతో వేసిన రంగైతే అంచుల్లో చిక్కగా పేరుకుంటుంది. పెన్సిలు గీత కాగితాన్ని వాల్చి చూస్తే మెరుస్తుంది. రేకు అంచు నొక్కుకున్న గుర్తు లేదని డ్రాయింగు అనేయకండి, మార్జిన్లు కత్తిరించిన ప్రతులు బోలెడు. రంగులున్నా అంతే, అచ్చయ్యాక చేత్తో అద్దేవారు. జెండా రంగు తప్పితే అది రంగులద్దినవాళ్ల పొరపాటు కావచ్చు. అంతమాత్రాన నకిలీ అనడం తొందరపాటు.

అపోహ: చిత్రకారుడు ఒడ్డున నిలబడి చూస్తూ గీశాడు.
వాస్తవం: వార్త లండన్ చేరడానికే నెలలు పట్టేది. అధికారుల ఉత్తరాలు, లాగ్‌బుక్కులు (ఓడ రోజువారీ నమోదు పుస్తకాలు), నౌకల స్థానాలు గుర్తించిన పటాలు ముందు పెట్టుకుని అక్కడే గీసిన బొమ్మలు ఎన్నో. జెండాలు ఒకవైపు, పొగ మరోవైపు పోతుంటే బల్ల దగ్గర కూర్చి గీశారని గట్టిగా అనుమానించవచ్చు. నౌకలు ఒకదానికొకటి ఆనుకున్నట్టుంటే, కాగితంలో పట్టించడానికి దగ్గరికి లాగారన్నమాట.

అపోహ: యుద్ధం హార్బర్‌లో జరిగింది.
విశాఖ ఓడరేవు తెరుచుకున్నది 1933లో. అంతకుముందు పెద్ద ఓడలు బయటి సముద్రంలోనే ఆగేవి, సరుకు పడవల మీద ఒడ్డుకు చేరేది.

అపోహ: సెంచూరియన్ మునిగిపోయింది.
లేదు, నిలిచింది. దానితో ఉన్న వర్తక నౌకల్లో బార్నబీ ఒడ్డుకు కొట్టుకుపోయి పగిలింది, ప్రిన్సెస్ షార్లెట్‌ను ఫ్రెంచివారు పట్టుకుపోయారు.

అపోహ: వాటర్‌మార్కులోని (కాగితాన్ని వెలుతురుకు పట్టి చూస్తే కనపడే తయారీ గుర్తు) ఏడాదే బొమ్మ గీసిన ఏడాది.
కాగితం అంతకుముందు తయారై ఉండదని మాత్రమే అది చెబుతుంది. 1804 అని ఉన్న కాగితం మీద ఇరవై ఏళ్ల తర్వాత కూడా గీయవచ్చు.

అపోహ: అద్దం వేసి ఫ్రేము కడితే చాలు.
వాస్తవం: అద్దం కాగితానికి తగిలితే తేమకు అంటుకుపోతుంది. విశాఖ లాంటి తీరప్రాంతపు గాలిలో ఈ ముప్పు మరీ ఎక్కువ. మధ్యలో ఆమ్లరహిత మౌంటు (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) తప్పనిసరి. బొమ్మను జపాన్ కాగితపు పట్టీలు, గోధుమ గంజి జిగురుతో పైఅంచున మాత్రమే అంటించాలి. సెలోటేపు జిగురు పసుపెక్కి పీచులోకి ఇంకిపోతుంది, ఆ మరక పూర్తిగా వదలడం చాలా కష్టం. వెలుతురు 50 లక్స్ (వెలుతురు తీవ్రత కొలిచే ప్రమాణం) దాటకూడదు. కొన్ని నెలలు ప్రదర్శించాక చీకటి పెట్టెలోకి మార్చాలి, ఎందుకంటే వెలిసిన రంగు మళ్లీ రాదు.